ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ నిలబడట్లేదు, మృదంగంలో తొప్పి (లావుగా మోగే వైపు) వినపడట్లేదు. టిప్స్ మార్చాలా, ఇయర్‌ఫోనే మార్చాలా?

నాగోల్_వయా_అమీర్‌పేట

అందరికీ నమస్కారం. రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆఫీసుకి వెళ్తాను. సీటు దొరికినా దొరక్కపోయినా దారి పొడవునా కచేరీలు వింటాను. మృదంగం నేర్చుకుంటున్నాను, అందుకని పాట ఎవరు పాడుతున్నా నా చెవి పక్కవాద్యం మీదే ఉంటుంది.

ఇన్నాళ్లూ ఫోన్‌తో వచ్చిన గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్ వాడాను, చెవి బయటే ఆనుకుని ఉండే రకం. పోయిన నెల మొదటిసారి చెవి లోపలికి పెట్టుకునేది కొన్నాను. వైరుదే. వైరు చెవి మీదుగా తిప్పి వెనక నుంచి తెచ్చుకోవాలి. డబ్బాలో చిన్నవి, మధ్యవి, పెద్దవి అని మూడు జతల సిలికాన్ టిప్స్ ఇచ్చారు. అందరూ దీన్ని తెగ పొగిడారు, నాకేమో మొదటి రోజే ఉసూరుమనిపించింది.

వయొలిన్ గుచ్చుకుంటోంది. మృదంగంలో వలంతల వైపు, అంటే సన్నగా మోగే వైపు, చాపు, మీటు లాంటి దెబ్బలన్నీ స్పష్టంగా ఉన్నాయి, తొప్పి మాత్రం ఉందో లేదో తెలియట్లేదు. ‘తొం’ అని పడాల్సిన చోట చర్మం మీద వేలు తగిలిన చప్పుడొకటి వచ్చి ఊరుకుంటోంది. తనియావర్తనం, అంటే కచేరీలో మృదంగం విడిగా వాయించే భాగం, వింటే సగం వాద్యమే వింటున్నాననిపిస్తోంది.

పైగా ఎడమది నిలబడదు. ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడితే చాలు, మెల్లగా జారి బయటికొస్తుంది. కుడిది నిలుస్తుంది గానీ అరగంటకి నొప్పి మొదలవుతుంది. పెద్ద టిప్స్ పెడితే రెండు చెవులూ బిగుసుకుపోయినట్టుంటాయి. పెట్టుకునేటప్పుడు లోపల ‘టక్’మని ఒక చప్పుడు కూడా వస్తోంది, పాడైపోయిందేమోనని టెన్షన్. ట్రైన్లో ఏసీ హోరుకి వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెట్టాల్సి వస్తోంది.

నా చెవుల్లో తేడా ఉందా, వస్తువులో తేడా ఉందా? వాపసు ఇచ్చే గడువు ఇంకా కొన్ని రోజులుంది.

బాస్_బాబాయ్

బ్రో, సింపుల్. ఈక్యూలో, అదే ఫోన్‌లో సౌండ్ సర్దుకునే సెట్టింగ్‌లో, బాస్ ఫుల్లుగా పెంచెయ్. టిప్స్‌కి కాస్త నాలుక తడి చేసి గట్టిగా నొక్కి పెట్టు, అతుక్కుంటాయి. నొప్పి కొత్తలో అందరికీ ఉంటుంది, కొత్త చెప్పులు కరవవా ఏంటి. వాడగా వాడగా అదే పోతుంది. వాపసు గీపసు వద్దు, ఆ మోడల్ సూపరు.

బెజవాడ_ఆడియాలజిస్ట్

నాగోల్ గారూ, నేను చెవి డాక్టర్ని కాను, ఆడియాలజిస్టుని. విజయవాడలో వినికిడి పరీక్షలు చేయడం, మిషన్లు అమర్చడం నా పని. పొద్దుట నుంచి సాయంత్రం దాకా జనం చెవుల్లో ఏదో ఒకటి పెడుతూ తీస్తూ ఉంటాను. అందుకే ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను, జవాబు కాస్త పొడుగే.

బాబాయ్ గారి సలహాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాటి సంగతి తర్వాత.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే వస్తువు బాగానే ఉన్నట్టుంది. తొప్పి పోతున్నది సందులోంచి. టిప్‌కీ కర్ణభేరికీ మధ్య మిగిలే చోటు సుమారు ఒక మిల్లీలీటరు. ఇయర్‌ఫోన్‌లోని పలచటి పొర ఆ కాస్త గాలిని ముందుకీ వెనక్కీ తోస్తుంది. కింది స్వరాల్లో ఆ తోపు నెమ్మదిగా సాగుతుంది. టిప్ పక్కన వెంట్రుక వాసి సందు ఉన్నా ఆ ఒత్తిడి కర్ణభేరి మీద పడకుండా బయటికి పోతుంది, పంక్చరైన ట్యూబుకి గాలి కొట్టినట్టే. పై స్వరాలు చాలా వేగంగా ఊగుతాయి, సందులోంచి జారుకునే వ్యవధి వాటికి ఉండదు. అందుకే మీకు వలంతల మిగిలి తొప్పి పోయింది. పోయినదాని కోసం మీరు వాల్యూమ్ పెంచుతున్నారు, దాంతో పోని వయొలిన్ గుచ్చుకుంటోంది.

ఇది నా గదిలో తరచూ ఎదురయ్యే విషయమే. వినికిడి పరీక్షకి పసుపు రంగు ఫోమ్ టిప్స్ ఉన్న ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు వాడతాం. ఆ ఫోమ్ సగం బయటే ఉండిపోతే 250 హెర్ట్జ్ దగ్గర గ్రాఫు కిందికి దిగుతుంది, ఈయనకి కింది స్వరాలు వినపడవేమో అనిపిస్తుంది. ఫోమ్ తీసి, వేళ్ల మధ్య సన్నగా నలిపి, లోతుగా పెట్టి, అది ఉబ్బేదాకా ఆగి మళ్లీ చేస్తే గ్రాఫు మామూలుగా వస్తుంది. మనిషి మారలేదు, చెవి మారలేదు, టిప్ కూర్చున్న లోతు మారిందంతే. ఆ తరహా పరీక్ష ఇయర్‌ఫోన్లు తయారుచేసిన ఎటిమోటిక్ అనే అమెరికా కంపెనీయే 1991లో ఈఆర్-4 పేరుతో పాటలు వినే ఇయర్‌ఫోన్ తెచ్చింది. ఒకదాని వెనక ఒకటిగా మూడు రేకులున్న టిప్ దాని గుర్తు. కంపెనీ పెట్టిన మీడ్ కిలియన్ మా వినికిడి మిషన్ల రంగం మనిషే. నాకు ఆ కంపెనీ మీద కాస్త పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను.

సందు ఉందో లేదో చూడటానికి యూట్యూబులో 50 హెర్ట్జ్ టోన్ అని వెతికి, తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. అది వినిపిస్తుండగా ఇయర్‌ఫోన్‌ని వేలితో అతి మెల్లగా లోపలికి ఆనించండి. ఆనించగానే శబ్దం నిండుగా పెరిగి, వదలగానే తగ్గిపోతే సీల్ లేదు, అంటే టిప్ చుట్టూ సందు మూసుకోలేదు. ఆనించినా వదిలినా ఒకేలా ఉంటే సీల్ కుదిరింది. ఒక్కో చెవికి విడిగా చూడండి. 50 హెర్ట్జ్‌ని వేరే స్వరంతో పోల్చి చూడొద్దు, సీల్ బాగున్నా మన చెవికి అది సన్నగానే వినిపిస్తుంది. ఫోన్‌లో టోన్ ఎందుకూ అనుకుంటే మీకు తెలిసిన తనియావర్తనమే పెట్టుకోండి, మీ చెవికి తొప్పి అలవాటే కదా.

ఇక పెట్టుకోవడం. మీరు తిన్నగా లోపలికి తోస్తున్నారని నా అనుమానం. చెవి నాళం తిన్నగా ఉండదు. పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, దానిలో రెండు వంపులు. బయటి మూడో వంతు మెత్తటి ఎముక, లోపలి రెండు వంతులు గట్టి ఎముక. గట్టి ఎముక మీది చర్మం చాలా పలచన, గట్టిది తగిలితే వెంటనే తెలుస్తుంది. కొందరికైతే చెవిలో ఏదైనా తగలగానే దగ్గు వస్తుంది, అక్కడి నరం ఒకటి గొంతు వైపు వెళ్లే నరానికి కొమ్మ.

వినికిడి మిషన్‌కి అచ్చు తీసేటప్పుడు ఈ వంపులు కళ్లకి కడతాయి. ముందు లైటు పెట్టి లోపలంతా చూస్తాం. దారం కట్టిన చిన్న దూది ఉండని రెండో వంపు దాటించి పెడతాం, కర్ణభేరి దాకా ఏమీ పోకుండా అదే కాపలా. తర్వాత సిలికాన్ ముద్దని పిచికారీతో నింపి గట్టిపడేదాకా ఆగుతాం. బయటికి తీస్తే వంకర తిరిగిన చిన్న ముద్ద వస్తుంది. ఒకే మనిషి కుడి, ఎడమ అచ్చులు పక్కపక్కన పెడితే ఇవి ఒకరివేనా అనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి. నోరు మూసి తీసిన అచ్చుకీ, తెరిచి తీసిన అచ్చుకీ కూడా తేడా ఉంటుంది. దవడ కీలు చెవి నాళానికి సరిగ్గా ముందే ఉంటుంది, నోరు తెరిస్తే ఆ కీలు జరిగి నాళం వెడల్పవుతుంది. మాట్లాడితే మీ ఎడమది జారడానికి కారణం అదే. వేదిక మీద పాడేవాళ్లకి అచ్చు తీస్తే నోరు తెరిపించి తీస్తారు.

కాబట్టి ఎడమ ఇయర్‌ఫోన్‌ని ఎడమ చేత్తో పట్టుకోండి. కుడి చేతిని తల వెనక నుంచి తెచ్చి ఎడమ చెవి పై అంచు పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. నాళం కాస్త తిన్నబడుతుంది. నోరు కొద్దిగా తెరిచి, టిప్‌ని ముక్కు వైపు చూపిస్తూ చిన్న మెలికతో లోపలికి పంపండి. టిప్ ఆగిన చోట ఆపి, చెవి వదిలేయండి. చెవి తిరిగి తన చోటుకి వచ్చి టిప్‌ని పట్టుకుంటుంది. మెట్రోలో నలుగురి ముందు ఈ విన్యాసం కాస్త తమాషాగా ఉంటుంది, నాగోల్‌లో ఎక్కకముందే కానివ్వండి. చిన్న పిల్లలకి లాగే దిశ వేరు, వెనక్కీ కిందికీ లాగుతాం. అసలు వాళ్లకి ఇవి పెట్టకండి.

సైజు విషయంలో ఎక్కువమంది చేసేది మీరూ చేశారు, రెండు చెవులకీ ఒకే సైజు. అలా అని ఎక్కడా రూలు లేదు. ఎడమకి పెద్దది, కుడికి మధ్యది పెట్టి చూడండి. కుడికి మధ్యది కూడా ఇబ్బందిగా ఉంటే చిన్నది కాస్త లోతుగా వెళ్తుందేమో చూడండి. టిప్ చిన్నదైతే జారిపోతుంది, అందరికీ తెలుసు. మరీ పెద్దదైనా జారిపోతుంది, ఇది చాలామందికి తట్టదు. పెద్ద టిప్ నాళంలోకి వెళ్లలేక అంచు మడతపడుతుంది, ఆ మడతలోంచి గాలి పోతుంది, చెవి దాన్ని బయటికి నెడుతుంది.

నొప్పి ఎక్కడ పుడుతోందో మీరు చెప్పలేదు. నాళంలో చుట్టూ బిగుతుగా ఉంటే టిప్ పెద్దది లేదా గట్టిది. చెవి ముందుండే చిన్న బుడిపె దగ్గర గానీ, దొప్ప లోపలి అంచు మీద గానీ ఒక్క చోటే నొప్పి ఉంటే అది టిప్ తప్పు కాదు, ఇయర్‌ఫోన్ డొల్ల అక్కడ ఒరుసుకుంటోంది. డొల్లని కాస్త వెనక్కి తిప్పి చూడండి, వైరు బిగుతు తగ్గించి చూడండి. అయినా తగ్గకపోతే ఎన్ని టిప్స్ మార్చినా లాభం లేదు, గడువు ఉండగానే వాపసు ఇచ్చేయండి. డొల్ల ఆకారం చెవికి నప్పాలి. అది ఓపికతో సర్దుకునే విషయం కాదు.

ఇప్పుడు బాబాయ్ గారూ, మీ వంతు. చెప్పులు వాడగా మెత్తబడేది తోలు, కాలు కాదు. చెవిలో అరగంటకే వచ్చే నొప్పిని భరిస్తూ పోతే అక్కడ చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది. ఈక్యూ పెంచడం సందు మూయదు. సందులోంచి పోయేదానికి ఇంకొంచెం కలుపుతారు, అంతే. పైగా దవడ కదిలి ఒక్కసారి సీల్ కుదిరితే ఆ పెంచిన బాస్ అంతా చెవిలో పడుతుంది. ఇక నాలుక తడి. దయచేసి వద్దు. మూసిన చెవి, తడి, మన కోస్తా ఉక్కపోత, మూడూ కలిస్తే ఫంగస్‌కి పండగ. వానాకాలం వచ్చిందంటే చెవి దురదతో వచ్చేవాళ్లని చెవి డాక్టర్ దగ్గరికి పంపడం నాకు మామూలే.

ఆ ‘టక్’ చప్పుడు గురించి కంగారు వద్దు. వేగంగా తోసినప్పుడు లోపలి గాలి నొక్కుకుని ఇయర్‌ఫోన్‌లోని పొర వంగుతుంది, దాని చప్పుడు. మెల్లగా పెడితే తగ్గుతుంది. డొల్ల మీద గుండుసూది మొనంత రంధ్రం ఉంటుంది, గాలి పోవడానికి. పెట్టేటప్పుడు మీ వేలు దాన్ని మూస్తోందేమో చూసుకోండి.

మీ పోస్టులో నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించిన వాక్యం చివర్లో ఉంది, వాల్యూమ్ దాదాపు చివరిదాకా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) కలిసి 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు హద్దు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ గంటలు సగానికి పడిపోతాయి. సీల్ కుదిరితే రైలు హోరు బయటే ఆగిపోతుంది, వాల్యూమ్ దానంతటదే తగ్గించాలనిపిస్తుంది. తొప్పి సంగతి ఎలా ఉన్నా దీని కోసమైనా సీల్ చూసుకోండి.

గోదావరి_ప్యాసింజర్

మేడం జవాబు సేవ్ చేసుకున్నాను. నేను చిన్న చెవుల పార్టీ. రాజమండ్రి నుంచి కాకినాడ రైల్లో డ్యూటీకి వెళ్తాను, డబ్బాలో వచ్చే చిన్న సైజు కూడా నా చెవికి పెద్దదే. నాలాంటివాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

ఒక కంపెనీ ‘ఎం’ ఇంకో కంపెనీ ‘ఎం’ కాదు. సిలికాన్ టిప్ మధ్య సైజు సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, అటూ ఇటూ చాలా తేడాలున్నాయి. మా అబ్బాయి వెర్నియర్ కాలిపర్‌తో నా దగ్గరున్నవన్నీ కొలిచి పెట్టాడు, ఇంజనీరింగ్ చదువు ఆ మాత్రం ఉపయోగపడింది. జపాన్ కంపెనీ ఫైనల్ వాళ్ల టైప్-ఈ టిప్స్ ఎస్‌ఎస్ నుంచి ఎల్‌ఎల్ దాకా అయిదు సైజుల్లో దొరుకుతాయి. నాకు ఎస్‌ఎస్ కుదిరింది. స్పిన్‌ఫిట్ అని ఇంకొకటి ఉంది, దాని గొట్టం కాస్త అటూ ఇటూ వంగుతుంది, మేడం చెప్పిన వంపుల చెవులకి అది బాగుంటుంది. వైర్‌లెస్ వాడేవాళ్లయితే ఫోన్ యాప్‌లోనే చూడొచ్చు. ఎయిర్‌పాడ్స్ ప్రోలో, కొన్ని సోనీ, శాంసంగ్ మోడళ్లలో ఫిట్ టెస్ట్ అని ఉంటుంది. చిన్న మ్యూజిక్ వినిపించి, లోపలి మైకుతో అదే విని, ఏ చెవిలో సీల్ కుదరలేదో చెప్పేస్తుంది.

టిప్స్ విడిగా కొనేముందు మీ ఇయర్‌ఫోన్ మూతి లావెంతో చూసుకోండి. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉంటుంది. సన్న మూతి మీద వెడల్పు గొట్టం టిప్ పెడితే, తీసేటప్పుడు ఇయర్‌ఫోన్ చేతిలోకి, టిప్ చెవిలోనే. మా చెల్లికి ఇదే జరిగితే ఇంట్లో ఒకరు పిన్నీసు, ఒకరు పట్టకారు తెచ్చారు. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ ఒక్క నిమిషంలో తీశారు.

చెవి మీదుగా తిప్పే వైరు గురించి మగవాళ్లెవరూ చెప్పని మాట ఒకటి. మాటీలు పెట్టుకున్న రోజు ఆ వైరు సంగతి మర్చిపోవాలి. రెండూ ఒకే చోటికి పోటీ పడతాయి, మాటీ గొలుసు వైరుకి చిక్కుకుంటే టిప్ ఊడిరావడమే కాదు, జుట్టు కూడా వస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు వైరు పెట్టుకుని, దాని మీద జోడు కాడ పెట్టుకోండి. తిరగేస్తే వైరు జోడుని లేపుతూ ఉంటుంది.

తలంటుకున్న రోజు చెవిలో నూనె వేసుకునే అలవాటున్నవాళ్లకి సిలికాన్ ఆ రోజు నిలబడదు. ఎంత మంచి సైజైనా జారిపోతుంది.

నాగోల్_వయా_అమీర్‌పేట

అందరికీ చాలా థాంక్స్. ముందు 50 హెర్ట్జ్ పెట్టి చూశాను. వేలు ఆనిస్తే ఎడమ వైపు శబ్దం రెండింతలైంది, కుడి వైపు కొద్దిగానే పెరిగింది. అంటే రెండు వైపులా కారుతోంది, ఎడమ ఎక్కువ.

ఎడమకి పెద్దది, కుడికి మధ్యది పెట్టి, చెవి పైకి లాగి, మేడం చెప్పినట్టు నోరు తెరిచి పెట్టుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి ఏమైందని పరిగెత్తుకొచ్చింది. వచ్చింది, తొప్పి వచ్చింది! ‘తొం’ పడి, దాని వెనక ఆ గుమికి నాదం సాగి సాగి ఆగేదాకా వినిపించింది. కచేరీకి ముందు తొప్పికి తడి రవ్వ ముద్ద పెట్టి నాదాన్ని కిందికి దించేది దీనికోసమే కదా, అదే వినపడకపోతే ఇంకేం వింటున్నట్టు. మెట్రోలో వాల్యూమ్ సగానికి తెచ్చాను. తర్వాతి స్టేషన్ ప్రకటన వినపడక ఒకసారి దిగాల్సిన చోట దిగలేదు, అది వేరే కథ.

కుడి చెవి నొప్పి ముందు బుడిపె దగ్గర కాదు, లోపల చుట్టూ. కాబట్టి డొల్ల సమస్య కాదనుకుంటున్నాను. ఇది కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఫోమ్ టిప్స్ మెత్తగా ఉంటాయంటున్నారు, తీసుకోమంటారా?

కొత్త సమస్య ఇంకొకటి. ఇప్పుడు సీల్ కుదిరాక నా అడుగుల చప్పుడు నాకే ‘ధబ్ ధబ్’మని వినిపిస్తోంది. ఫోన్లో మాట్లాడితే నా గొంతు తలలో మోగుతోంది. అమ్మతో మాట్లాడుతుంటే ‘ఎందుకురా అంత మెల్లగా మాట్లాడుతున్నావు, ఒంట్లో బాలేదా’ అంటోంది. ఇది ఏమైనా తేడానా?

బెజవాడ_ఆడియాలజిస్ట్

తేడా కాదు, సీల్ బాగా కుదిరిందనడానికి సాక్ష్యం. మనం మాట్లాడినప్పుడు, నడిచినప్పుడు ఎముకల గుండా చెవి నాళం గోడల్లోకి కూడా ప్రకంపన వస్తుంది. చెవి తెరిచి ఉంటే అది బయటికి పోతుంది, మూసేస్తే లోపలే ఉండిపోతుంది. కింది స్వరాల్లో 20 డెసిబెల్స్ దాకా కూడా పెరుగుతుంది. మీ గొంతు మీకే పెద్దగా వినిపించి మీరు తగ్గించి మాట్లాడుతున్నారు, అమ్మగారి అనుమానం న్యాయమే.

మా పనిలో ఇదే పెద్ద ఫిర్యాదు. కొత్తగా మిషన్ పెట్టుకున్న పెద్దాయనకి భార్య మాట బాగా వినపడుతుంది, తన గొంతు మాత్రం డ్రమ్ములోంచి వస్తున్నట్టుందని మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. కింది స్వరాలు బాగానే వినపడేవాళ్లకి మేం కావాలనే చిల్లులున్న డోమ్ (మిషన్‌కి పెట్టే మెత్తటి టిప్) పెట్టి గాలి పోనిస్తాం. మీకు కావలసింది దానికి పూర్తిగా తిరగేసినది. పాట వినేటప్పుడు సీల్ ఉంచుకోండి, ఫోన్ వచ్చినప్పుడు ఒక చెవిది తీసేయండి. టిప్ గట్టి ఎముక భాగం దాకా లోతుగా వెళ్తే ఈ మోత తగ్గుతుంది గానీ, ఆ లోతు అందరికీ సుఖంగా ఉండదు. దానికోసం ఇంకా తోయకండి.

ఫోమ్ కుడి చెవికి బాగుంటుంది. వేళ్ల మధ్య దొర్లించి సన్నగా చేసి, చెవి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకుని ఆగాలి. చాలామంది పెట్టిన వెంటనే చెయ్యి తీసేస్తారు, అది ఉబ్బుతూ బయటికి వచ్చేస్తుంది. సిలికాన్ కన్నా ఫోమ్ పై స్వరాలని కాస్త మెత్తబరుస్తుంది, వయొలిన్ గుచ్చుతోందన్న మీకు అది మంచిదే. కానీ చెమటని పీల్చుకుంటుంది, కడగడం కుదరదు, కొన్ని నెలలకి గట్టిపడి పనికిరాదు. మే నెలలో విజయవాడలో అయితే నేను వాడను.

మధ్యది, పెద్దది రెండూ చుట్టూ నొప్పి పెట్టి, చిన్నది జారిపోతే ఒకసారి చెవి లోపల చూపించుకోండి. గుబిలి పేరుకుని నాళం ఇరుకైపోయిన వాళ్లు టిప్స్ మీద టిప్స్ కొనడం చూస్తుంటాను. కాటన్ బడ్‌తో మీరే తీసుకునే ప్రయత్నం వద్దు, అది గుబిలిని లోపలికి దట్టిస్తుంది. ఇయర్‌ఫోన్ మూతి జాలీ మీద గుబిలి చేరినా శబ్దం ఒక వైపు తగ్గుతుంది. జాలీ కిందికి ఉండేలా తలకిందులుగా పట్టుకుని పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో దులపండి. పిన్నీసుతో పొడవకండి.

బాస్_బాబాయ్

మేడం, చెప్పుల పాయింటు మీకే వదిలేశాను, ఈక్యూ మాత్రం నేను వదలను, సీల్ ఉన్నా నాకు బాస్ కావాలి. అది నా రుచి. కానీ ఒక డౌట్. హెల్మెట్ పెట్టుకుంటే రెండు ఇయర్‌ఫోన్లూ బయటికి లాగేస్తోంది. హెల్మెట్ కింద నిలిచే టిప్స్ ఏమైనా ఉన్నాయా?

బెజవాడ_ఆడియాలజిస్ట్

రుచి మీ ఇష్టం, నేను కారంలో వేలు పెట్టను. బండి మీద మాత్రం టిప్స్ అడగకండి, నేను చెప్పను. సీల్ కుదిరితే వెనక లారీ హారన్ వినపడదు. ఇందాకటి నుంచి నేను చెబుతున్నదంతా బయటి చప్పుడు లోపలికి రాకుండా చేయడానికే.

నాగోల్_వయా_అమీర్‌పేట

కుడికి ఫోమ్ ఆర్డర్ పెట్టాను. వాపసు ఇవ్వట్లేదు. ఆఖరి ప్రశ్న. ఎడమకి పెద్దది, కుడికి మధ్యది వాడితే ప్రతి జతలో ఒకటి మిగిలిపోతోంది. డబ్బాలో ఒక్కో సైజు ఒక్క జతే ఇచ్చారు, ఒకటి పోతే ఎలా?

గోదావరి_ప్యాసింజర్

మిగిలినవి పారేయకండి. పోయేది ఎప్పుడూ ఎడమదే అని ఏం లేదుగా. టిప్స్‌కి కుడి ఎడమ తేడా ఉండదు, గుండ్రంగా ఉండేవైతే ఏ చెవికైనా పెట్టొచ్చు. మీ దగ్గర ఇప్పుడే పెద్దది ఒకటి, మధ్యది ఒకటి మిగిలాయి, అంటే అది మీకు రెండో సెట్టు. సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇయర్‌ఫోన్ సంచిలోనే వేసుకోండి. విడిగా కొనాల్సి వస్తే ఒకే సైజు జతలు అమ్మేవాళ్లు ఉంటారు, మూడు సైజులు కలిపిన ప్యాక్ కొనకండి, అందులో చిన్నవి మీకు దండగ.